చెత్తబుట్టలో ఉప్పునీళ్ళు

"ఈ రోజు నుంచి మన జిల్లాలో ఫిర్యాదు అనే పదార్థం ఉండదు" అని మంత్రి కనకరత్నం గారు ప్రకటించగానే బందరు టౌన్‌హాలు చప్పట్లతో మోగిపోయింది. ఫ్యాను తిరగడం లేదని చెబుదామని లేచిన ఒక పెద్దాయన ఆ మాట విని మళ్ళీ కూర్చున్నాడు. కొత్త విధానానికి అదే తొలి విజయం.

కనకరత్నం గారిది సత్వర స్పందన శాఖ. అలాంటి శాఖ ఒకటుందని ఆయన ప్రమాణ స్వీకారం చేసేదాకా ఎవరికీ తెలియదు. ఆయనకి కూడా మర్నాడు పేపరు చూశాకే తెలిసింది. అయినా ఆయన అధైర్యపడలేదు. మీ కష్టాలేవైనా సరే, ఆఫీసుల చుట్టూ తిరగకుండా నాకే నేరుగా మెయిలు కొట్టండి అని ఊరూరా పిలుపిచ్చారు. జనం అమాయకులు. నిజంగానే కొట్టారు. వచ్చిన మెయిళ్ళకి సర్వరు రెండుసార్లు సొమ్మసిల్లింది. అందుకని ఇప్పుడీ ఏర్పాటు.

వేదిక వెనకాల, లాప్‌టాప్ వైరు ఊడిపోకుండా పట్టుకుని నిలబడ్డ మనిషి పేరు సాల్మన్ రాజు. మంత్రి గారి బందరు క్యాంపు ఆఫీసులో సూపరింటెండెంటు. పొద్దున్నే మెయిళ్ళు తెరిచి, ముఖ్యమైనవి ప్రింటు తీసి పైవాళ్ళ బల్ల మీద పెట్టడం ఆయన పని. ఆ ఉద్యోగంలో ఆయనకి నచ్చింది కుర్చీ. కుర్చీ కూడా కాదు, అది కిటికీ పక్కన ఉండటం. మధ్యాహ్నం రెండయ్యేసరికి సముద్రపు గాలి వచ్చి కాగితాలు ఎగరగొట్టేది. ఆ కాగితాలు ఏరుకుంటూ ఆయన దేవుడికి మనసులో ఒక స్తోత్రం చెప్పుకునేవాడు.

కొత్త యంత్రాంగం గురించి వివరించడానికి గుడివాడ నుంచి ఝాన్సీ అనే ఇంజినీరు వచ్చింది. మైకు దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి, బోర్డు మీద ఏమీ గీయకుండానే మొదలెట్టింది.

"దీన్ని బేయీజియన్ ఫిల్టర్ అంటారండీ. మంత్రమేమీ లేదు. చేపల మార్కెట్లో మీరు చేసేదే ఇది చేస్తుంది. కన్ను మసకేసిందంటే కాస్త అనుమానం. మొప్ప తెల్లబడితే ఇంకాస్త. వాసన కూడా తేడాగా ఉంటే ఇక కొనరు. ఇదీ అంతే. మెయిల్లో ఒక్కో మాట ఎంత అనుమానించదగ్గదో లెక్కేసి, అన్నీ కలిపి, ఇది చెత్త అయ్యే అవకాశం ఎంతో చెబుతుంది. చెత్తైతే పక్కన పడేస్తుంది."

"ఏ మాట ఎలాంటిదో దానికెలా తెలుస్తుందమ్మా?" అన్నారు మంత్రి గారు.

"మీరే నేర్పాలండీ. మొదట కొన్ని మెయిళ్ళు చూపించి, ఇది మంచిది, ఇది చెత్త అని మీటలు నొక్కాలి. మీరేం నేర్పితే అదే నేర్చుకుంటుంది. మంచి చేపని చూపించి కుళ్ళిందని నేర్పారనుకోండి, రేపట్నుంచి అది మంచి చేపల్నే పారేస్తుంది."

ఈ చివరి వాక్యం మంత్రి గారు వినలేదు. ఆ సమయానికి ఆయనకి శాలువా కప్పుతున్నారు.

"దీన్ని కనిపెట్టిందెవరు?" అన్నారు శాలువా సర్దుకుంటూ.

"రెండొందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో బేస్ అని ఒక పాస్టరు గారండీ. ఆయన లెక్క ఇది."

"పాస్టరు గారా?" మంత్రి గారి ముఖం వికసించింది. పక్కకి వంగి తన ఓఎస్డీతో, "గిరిధర్ గారూ, దీని ఖర్చు మైనారిటీ సంక్షేమంలో వేద్దాం" అన్నారు.

ఓఎస్డీ అంటే ప్రత్యేక విధుల అధికారి. గిరిధర్ గారి ప్రత్యేక విధి ఏమిటో ఉత్తర్వులో రాయలేదు గనక ఆయన అన్నిటినీ తనవిగానే భావించేవారు. ఫిల్టరుకి చదువు చెప్పే బాధ్యత కూడా తీసుకున్నారు. మర్నాటి నుంచి వారం రోజులు సాల్మన్ రాజు మెయిలు చదవడం, ఆయన తీర్పు చెప్పడం, సాల్మన్ రాజు మీట నొక్కడం.

"పెడన నుంచి సార్. ఒక పెద్దావిడ. పింఛను ఆగిపోయిందని…"

"చెత్త."

"అంటే సార్, ఆవిడకి నిజంగానే ఆగిపోయినట్టుంది."

"సాల్మన్ రాజు గారూ, స్పామ్ అంటే ఏమిటి? మనం అడక్కుండా వచ్చి పడేది. ఆవిణ్ణి రాయమని మనం అడిగామా?"

"మంత్రి గారు సభలో అడిగారండీ."

"అది సభ."

సాల్మన్ రాజు నొక్కాడు.

"ఇదేదో విదేశం నుంచి సార్. హృదయపూర్వక శుభాకాంక్షలు, అభినందనలు, మీరు కోటి డాలర్ల లాటరీ గెలుచుకున్నారు, బ్యాంకు వివరాలు పంపగలరు అని."

గిరిధర్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "చూశారా ఎంత మర్యాదో. ఎవరో ఏమిటో తెలియదు, అయినా మన మేలు కోరాడు. ఒక్క సమస్య చెప్పలేదు. మంచిది నొక్కండి."

"బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె సార్."

"ఆశాజనకంగా ఉంది. మంచిది."

అలా సాగింది. రోడ్డు అన్న ప్రతిదీ చెత్త. కరెంటు చెత్త. 'ఆర్యా' అని మొదలై 'ఇట్లు తమ విధేయుడు' అని ముగిసినవన్నీ చెత్తే, ఎందుకంటే విధేయులుగా రాసినవాళ్ళంతా ఏదో ఒకటి అడిగినవాళ్ళే. పుట్టినరోజు శుభాకాంక్షలు, పెళ్ళి శుభాకాంక్షలు, మంత్రి గారి మేనల్లుడు పాసయినందుకు శుభాకాంక్షలు మంచివి.

నాలుగో రోజున తెరిచిన మెయిలు చూసి సాల్మన్ రాజు గొంతు సవరించుకున్నాడు. రాసింది ఆయన బావే. అక్క సీతమ్మ భర్త జ్ఞానయ్య.

నాగాయలంక దాటాక సముద్రం దిక్కుగా పోతే ఇసుకలంక అని చిన్న ఊరు. ఊరి పక్కన మురుగు కాలువ సముద్రంలో కలిసేచోట రెండు ఖానాల స్లూయిస్ తూము ఉంది. ఖానాకో ఇనప షట్టరు. ఊరి నీళ్ళు సముద్రంలోకి పోవాలిగాని, పోటు వేళ సముద్రం ఊళ్ళోకి రాకూడదని ఆ ఏర్పాటు. నిరుడు తుఫానుకి ఒక షట్టరు తుప్పు రాలి కొట్టుకుపోయింది. ఊరివాళ్ళు ఇసుక బస్తాలు వేసుకున్నారు. బస్తాల సందుల్లోంచి రెండు పూటలా ఉప్పునీళ్ళు ఎగదన్ని మంచినీళ్ళ చెరువులో చేరుతున్నాయి. ఇంజినీరు ఆఫీసుకి వెళితే ఆన్‌లైన్లో పెట్టమన్నారు. జ్ఞానయ్య పెట్టాడు.

"నాగాయలంక నుంచి సార్. స్లూయిస్ షట్టరు పోయి తాగేనీళ్ళ చెరువు ఉప్పెక్కుతోందని. ఇది మా బావ గారు…"

"బంధుప్రీతి చూపించకూడదు సాల్మన్ రాజు గారూ. యంత్రం నేర్చుకుంటోంది. మన ప్రవర్తన దానికి ఆదర్శంగా ఉండాలి."

సాల్మన్ రాజు మీట మీద వేలు పెట్టి కిటికీ వైపు చూశాడు. గాలి ఇంకా రాలేదు. నొక్కాడు.

వారం తిరిగేసరికి ఫిల్టరుకి బుద్ధొచ్చింది. మంత్రి గారి పెట్టెలోకి ఫిర్యాదన్నది రావడం ఆగిపోయింది. కోనేరు సెంటర్లో పెద్ద బోర్డు లేచింది: 'ఫిర్యాదులు: సున్నా'. ఆ సున్నా మధ్యలో మంత్రి గారి ఫొటో పెట్టారు, చక్కగా పట్టింది. పక్క జిల్లాల నుంచి అధికారులు చూసి నేర్చుకోవడానికి వచ్చి, బందరు లడ్డు తిని, నేర్చుకుని వెళ్ళారు. దరిమిలా జిల్లాలో ప్రతి ప్రభుత్వ ఆఫీసు మెయిలూ ఇదే సర్వరు మీదుగా పోవాలని ఉత్తర్వు వచ్చింది.

చెత్తబుట్టలో ఏముందో సాల్మన్ రాజు చూడొచ్చు. బయటికి తియ్యడానికి మాత్రం వీల్లేదు. ఆ పాస్‌వర్డు గిరిధర్ గారిది. ఒక రోజు సాల్మన్ రాజుకి అందులో మంత్రి గారి సొంత డాక్టరు పంపిన మెయిలు కనిపించింది. రక్తపోటు బాగా ఎక్కువగా ఉంది, ఉప్పు పూర్తిగా తగ్గించండి, ఊరగాయ ముట్టొద్దు అని. పక్కన ఫిల్టరు లెక్క: చెత్త అయ్యే అవకాశం నూటికి తొంభై తొమ్మిది. ఉప్పు అన్న మాట ఉంది మరి.

"సార్, డాక్టరు గారి మెయిలు చెత్తలో పడింది."

"ఎవరు వేశారు?"

"ఫిల్టరేనండీ."

"అయితే కారణం ఉండే ఉంటుంది. గణితంతో వాదిస్తామా?"

మంత్రి గారు కారెక్కబోతుంటే సాల్మన్ రాజు ధైర్యం చేసి మెట్ల మీద ఎదురెళ్ళాడు. "సార్, ఉప్పు…" అన్నాడు. మంత్రి గారు ఆగి ఆయన భుజం తట్టారు. "ఉప్పు సత్యాగ్రహం. బందరు వాళ్ళకి చరిత్ర అంటే ఎంత గౌరవమయ్యా" అని కారెక్కి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం భోజనంలో మాగాయ రెండోసారి వడ్డించుకుంటూ, "డాక్టరు నుంచి మెయిలేమీ రాలేదు. రాలేదంటే ఆరోగ్యం బాగున్నట్టే. జనం సంగతీ అంతే" అన్నారట.

జ్ఞానయ్య ఫోను చేశాడు.

"సాల్మనూ, మూడు మెయిళ్ళు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. అందుతున్నాయా?"

"అందుతున్నాయి బావా."

"ఎవరికి?"

సాల్మన్ రాజు ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మీ అక్క బియ్యం కడిగితే మళ్ళీ ఎసట్లో ఉప్పెయ్యక్కర్లేకుండా ఉంది. క్యాన్ల నీళ్ళు కొందామంటే నాగాయలంక నుంచి ఆటోవాడు రానంటున్నాడు. పౌర్ణమి పోటు వచ్చిందంటే చెరువు మొత్తం పోతుంది. ఒకసారి పోయిందా, మళ్ళీ తీపెక్కడానికి ఏళ్ళు పడుతుంది. నువ్వు మంత్రి గారి పక్కనే కూర్చుంటావని ఊరంతా చెప్పుకున్నాన్రా నేను."

"పక్కన కాదు బావా. పక్క గదిలో."

ఆ సాయంత్రమే ఆయన గుడివాడ ఝాన్సీకి ఫోను చేశాడు. ఫిల్టరు పాడైనట్టుందమ్మా అని విషయం చెప్పాడు. ఆవిడ అంతా విని, "పాడవలేదండీ" అంది. "మీ సారు ఎలా ఆలోచిస్తారో అచ్చం అలాగే ఆలోచిస్తోంది. ఇంత బాగా నేర్చుకున్న ఫిల్టరుని నేనింతవరకూ చూడలేదు."

"మళ్ళీ సరిగ్గా నేర్పలేమా?"

"ఆ చెత్తలో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ తీసి మంచిది అని నొక్కాలి. పాస్‌వర్డు ఎవరిది?"

"సారుదే."

"ఆయన నొక్కుతారా?"

ఆవిడే మళ్ళీ అంది. "దొంగ మెయిళ్ళ వాళ్ళు ఒక ఉపాయం చేస్తారండీ. ఫిల్టరుకి నచ్చిన మాటలు బోలెడు కలిపి, నచ్చనివి తీసేసి పంపిస్తారు. మంచి మాటల బరువుకి అది మోసపోయి లోపలికి వదిలేస్తుంది. ఊరికే చెప్తున్నాను. ప్రభుత్వోద్యోగులు మీరు అలా చేస్తారని కాదు."

"ఛ, ఛ" అన్నాడు సాల్మన్ రాజు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన బస్సెక్కి ఇసుకలంక వెళ్ళాడు. అక్క పెట్టిన టీ తాగి, మొహం మామూలుగా ఉంచుకుని, బావని పక్కకి పిలిచి సంగతి చెప్పాడు. జ్ఞానయ్యకి మింగుడుపడలేదు.

"తలుపూడిపోయి మేమేడుస్తుంటే, ఆయనకి అభినందనలేంట్రా?"

"అభినందనలు లేకపోతే లోపలికి పోదు బావా. ఉప్పు అనకూడదు. షట్టరు అనకూడదు. నాగాయలంక పేరే ఎత్తకూడదు. విధేయుడు అసలే వద్దు."

"మరేం మిగిలింది?"

"ఆయన్ని ఒక్కసారి ఇక్కడికి రప్పిస్తే చాలు. కళ్ళతో చూస్తే అర్థం కాకుండా పోదు కదా."

ఆ మాట అన్న మనిషి ప్రభుత్వంలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాడు. అయినా అన్నాడు.

బావా బావమరుదులు మంచం మీద కూర్చుని మధ్యాహ్నమంతా కష్టపడి ఇలా తయారుచేశారు:

'మంత్రివర్యులకు హృదయపూర్వక శుభాకాంక్షలు, అభినందనలు, కోటి కోటి వందనాలు. తమరు మా మనసులు గెలుచుకున్నారు. తమరి చల్లని పాలన వల్ల సముద్రుడు దినమూ రెండు పూటలా మా ఇసుకలంకకి విచ్చేసి, మా చెరువులో స్నానమాడి వెళ్తున్నాడు. ఇంతకు ముందు ఏ ప్రభుత్వంలోనూ ఆయన ఇంత చనువుగా లోపలికి వచ్చి ఎరుగం. తమరు పౌర్ణమిలోపు ఒక్కసారి దయచేసి కళ్ళారా చూస్తే మా జన్మలు ధన్యం. శుభాకాంక్షలు, శుభాకాంక్షలు.'

ఫిల్టరు దాన్ని కళ్ళకద్దుకుని లోపలికి పంపింది.

సోమవారం ఉదయం గిరిధర్ గారు ఆ మెయిలు రెండుసార్లు చదివి, మూడోసారి మంత్రి గారికి చదివి వినిపించారు. గది బయట నిలబడ్డ సాల్మన్ రాజు తలుపుకి చెవి ఆనించాడు.

"సముద్రం ఊళ్ళోకి వస్తోందా?" అన్నారు మంత్రి గారు.

"రోజూ రెండు పూటలా సార్."

"మన పాలన చూసి?"

"అలాగే రాశారు సార్. గత ప్రభుత్వంలో రాలేదని కూడా రాశారు."

మంత్రి గారు చాలాసేపు గోడ మీద తన ఫొటో వైపు చూశారు. "గిరిధర్ గారూ, జనం మంగినపూడి దాకా వెళ్ళి సముద్రాన్ని చూడాలి. ఇక్కడ సముద్రమే జనం ఇంటికొస్తోంది. ఇది మన శాఖే. ఇంటి వద్దకే సముద్రం."

పథకానికి 'సాగర స్వాగతం' అని పేరు పెట్టారు. పౌర్ణమి నాడు ప్రారంభం. ముందస్తు ఏర్పాట్లు చూడటానికి వెళ్ళిన బృందం స్లూయిస్ దగ్గర మిగిలిన ఒక్క షట్టరూ, పక్క ఖానాలో ఇసుక బస్తాలూ చూసి నొచ్చుకుంది. ముఖ్య అతిథి వచ్చే దారికి అడ్డంగా ఇవేమిటని పొక్లెయిన్‌తో రెంటినీ తీయించింది.

"సాల్మనూ" అన్నాడు జ్ఞానయ్య ఫోనులో. గొంతులో కోపం కూడా లేదు. "ఉన్న షట్టరు కూడా ఊడదీశారు."

"ఎవరు బావా?"

"మన మెయిలు."

సాల్మన్ రాజు ఆ మధ్యాహ్నం కిటికీ మూసేసుకున్నాడు. గాలి వచ్చి తలుపు తట్టి, తీయకపోతే వెళ్ళిపోయింది. మర్నాడు వెళ్ళి గిరిధర్ గారి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాడు. రాసింది తామేనని, సముద్రం రావడం పొగడ్త కాదని, తాగేనీళ్ళు పోతున్నాయని.

గిరిధర్ గారు ఓపిగ్గా విన్నారు. "మీరిప్పుడు చెప్పినదంతా రాసి మెయిలు పెట్టండి. చూద్దాం" అన్నారు.

పౌర్ణమి వచ్చింది. ఇసుకలంక మునుపెన్నడూ చూడనంత పెద్ద ఫ్లెక్సీ స్లూయిస్ గట్టు మీద లేచింది. ఇనప చట్రం, దానికి మందపాటి గుడ్డ, దాని నిండా మంత్రి గారు చేతులు జోడించి నవ్వుతూ, కింద 'సముద్రుడికి సుస్వాగతం' అని. కూచిపూడి నుంచి వచ్చిన పిల్లలు అలల నాట్యం చేశారు. మైకులో సుస్వాగతం పలుకుతుండగానే సముద్రం రెండు ఖానాల్లోంచీ పొంగి కాలువెక్కి, చెరువు గట్టు దాటి లోపలికి దిగింది. ఈ జిల్లాలో చెప్పిన వేళకి వచ్చిన మొదటి ముఖ్య అతిథి అదే. అందరూ చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళు కొట్టలేదు. చెరువు వైపే చూస్తూ నిలబడ్డారు. భక్తితో మైమరిచారని గిరిధర్ గారు మంత్రి గారి చెవిలో చెప్పారు.

ఎండ దంచేస్తోంది. మంచినీళ్ళ సీసాల కారు ఎక్కడో అవనిగడ్డ దగ్గర ట్రాఫిక్‌లో ఉంది. మంత్రి గారు దాహమన్నారు. సీతమ్మ ఇంట్లోకి వెళ్ళి, ఉన్న పెరుగులో చెరువు నీళ్ళే పోసి చిలికి, అల్లం, పచ్చిమిరపకాయ, కరివేపాకు దంచి వేసి, పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఇంటికొచ్చిన మనిషి దాహమంటే ఇవ్వకుండా ఉండటం ఆవిడకి చేతకాదు.

మంత్రి గారు గుక్క తిప్పుకోకుండా తాగి, మూతి తుడుచుకుని, కెమెరాల వైపు తిరిగారు.

"ఆహా. అమ్మా, ఉప్పు ఇంత సరిగ్గా వేసే చెయ్యి మా ఇంట్లో కూడా లేదు."

"ఉప్పెయ్యలేదండీ" అంది సీతమ్మ.

మంత్రి గారు నవ్వారు. "చూశారా మన పల్లెల్లో వినయం." ఇంకో గ్లాసు అడిగారు. దాని తర్వాత ఇంకోటి.

మూడో గ్లాసు దింపాక ఆయనకి ఇసుకలంక మెల్లగా తిరగడం మొదలెట్టింది. కారులో వేసుకుని బందరు తీసుకొచ్చారు. రక్తపోటు చూసిన డాక్టరు మిషను పాడైందేమోనని ఇంకో మిషను తెప్పించాడు. అదీ అదే చెప్పింది. ప్రమాదమేమీ లేదు, రెండు రోజులు పడుకోబెడితే చాలన్నారు. సొంత డాక్టరు వచ్చి, ఉప్పు మానమని ఎన్ని మెయిళ్ళు పెట్టానండీ అని బాధపడితే, "మాకు ఒక్కటీ అందలేదే" అన్నారు గిరిధర్ గారు నిజాయితీగా.

మంచం మీద నుంచి మంత్రి గారు ఇచ్చిన మొదటి ఆదేశం: మజ్జిగలో ఉప్పు కలిపిందెవరు? కుట్ర కోణంలో విచారించాలి.

నోటీసు గిరిధర్ గారు చెబుతుంటే సాల్మన్ రాజే టైపు చేశాడు. 'నాగాయలంక మండలం, ఇసుకలంక గ్రామంలో గౌరవ మంత్రి గారికి ఇచ్చిన మజ్జిగలో మోతాదుకి మించి ఉప్పు కలిపిన సీతమ్మ అను ఆమెను తక్షణం హాజరుపరచవలసినదిగా తహసీల్దారు గారిని ఆదేశించడమైనది.' అక్క పేరు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. చిన్నప్పుడు అమ్మ పోయాక తన జడుపు జ్వరానికి రాత్రంతా తడిగుడ్డ వేసిన చెయ్యి, ఆ మజ్జిగ చిలికిన చెయ్యి ఒకటే. తనకి ఇద్దరు ఆఫీసర్లున్నారు, ఒక్క అక్కే ఉంది.

"ఆగారేం?" అన్నారు గిరిధర్ గారు. "పంపించండి."

పంపించాడు. పంపించి, ఊరికే చెత్తబుట్ట తెరిచి చూశాడు. పైనే ఉంది నోటీసు. నాగాయలంక ఉంది. ఉప్పు ఉంది. నూటికి తొంభై తొమ్మిది.

సాల్మన్ రాజు కిటికీ తెరిచాడు. గాలి వచ్చింది. క్యారేజీ విప్పి, స్తోత్రం చెప్పుకుని, చాలా రోజుల తర్వాత అన్నం పూర్తిగా తిన్నాడు.

మూడు రోజుల తర్వాత గిరిధర్ గారు అడిగారు. "తహసీల్దారు నుంచి జవాబొచ్చిందా?"

"రాలేదండీ."

"రాలేదంటే చెప్పడానికేమీ లేనట్టే. కుట్ర లేదని తేలిపోయింది. ఫైలు మూసెయ్యండి. ఫిర్యాదులెన్ని ఈ రోజు?"

"సున్నా అండీ."

అమావాస్య దగ్గర పడింది. మళ్ళీ పోటు ఎక్కే రోజులు. సాల్మన్ రాజు ఇసుకలంకకి ఫోను చెయ్యడానికి భయపడ్డాడు. జ్ఞానయ్యే చేశాడు.

"సాల్మనూ, ఒక ఖానాలో నీళ్ళాగాయిరా."

"షట్టరు పెట్టారా? ఎవరు?"

"మంత్రి గారే."

సాల్మన్ రాజుకి అర్థం కాలేదు.

"ఫంక్షనైపోయాక ఆ ఫ్లెక్సీ పట్టుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఇనప చట్రం కదా, కొలిస్తే ఖానాకి సరిగ్గా సరిపోయింది. అడ్డంగా దింపి, వెనకాల తాటిదుంగలు పెట్టి, బస్తాలేశాం. మంచి గుడ్డరా, చుక్క దిగట్లేదు. పొద్దున పోటుకి మీ మంత్రి గారు గడ్డం దాకా మునిగారు. నవ్వు మాత్రం చెదరలేదు."

"చెరువు?"

"ఉప్పగానే ఉంది. పంపు పెట్టి సగం తోడేశాం, దేవుడు వాన కురిపిస్తే మిగతాది ఆయనే చూసుకుంటాడు. రెండో ఖానా సంగతే ఉంది. బస్తాలతో నెట్టుకొస్తున్నాం, అమావాస్య దాకా ఆగవు." జ్ఞానయ్య కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "మంత్రి గారి పుట్టినరోజు లాంటిదేమైనా ఉందేంట్రా దగ్గర్లో?"

సాల్మన్ రాజు ఫోను పెట్టేసి, కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి ఎవరి సాయం అక్కర్లేకపోయింది. ఆస్పత్రి నుంచి క్షేమంగా తిరిగొచ్చిన మంత్రివర్యులకు హృదయపూర్వక శుభాకాంక్షలు, అభినందనలు, కోటి వందనాలు. తమరి ముఖం ఎల్లవేళలా కళ్ళముందు ఉండాలని ఇసుకలంక ప్రజలు తహతహలాడుతున్నారు. పాత ఫ్లెక్సీ పక్కనే అదే కొలతలో మరొకటి ప్రసాదించగలరు.

ముందున్న టీ చల్లారకముందే మంజూరైంది. ఆ జిల్లాలో ఆ ఏడాది ఇంత త్వరగా కదిలిన పని ఇంకోటి లేదు. గిరిధర్ గారు స్వయంగా లేచి వచ్చారు.

"సాల్మన్ రాజు గారూ, మీ బావ గారి ఊరే కదా. ఒక్క మాట కనుక్కోండి. ఈసారి ఫొటోలో మంత్రి గారు చేతులు జోడించి ఉండాలా, చెయ్యి ఊపుతూ ఉండాలా?"

సాల్మన్ రాజు ఫోను కలిపి అడిగాడు. అవతల జ్ఞానయ్య పక్కనున్న వాళ్ళతో ఏదో సంప్రదించిన చప్పుడు వినిపించింది.

"ఎలా ఉన్నా ఫర్వాలేదన్నార్రా" అన్నాడు. "గుడ్డ మాత్రం మందంగా ఉండాలి."